తుమ్మెదకొక యిల్లు

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో తుమ్మెద పదములను పేర్కొన్నాడు. అంతటి పాతకాలము నుండి మన పాటలలో తిరుగుచున్న ఆ నల్లని ప్రాణి ఎక్కడ నివసించునని అడిగినచో, తామరపూవులోననియే చాలమంది చెప్పుదురు. అది కవుల మాట. తుమ్మెద యిల్లు ఎండిన కర్రలో నుండును.

ఈ సంగతి నాకును క్రిందటి వేసవిలోనే తెలిసినది. కొండాపూరులో మేమున్న భవనము ప్రక్కన ఎండి నిలిచిన మునగచెట్టు నొకదానిని, పడిపోవునేమోనని కొట్టించినారు. నరికిన కొమ్మ చీలగా లోపల వ్రేలు పట్టునంత సొరంగము కనబడినది. అందులో వరుసగా అయిదు గదులు. గదికిని గదికిని నడుమ కర్రపొట్టుతో కట్టిన అడ్డుగోడ. ప్రతి గదిలోను పుప్పొడియు మకరందమును కలిపిన పసుపు ముద్ద, దానిపై తెల్లని పురుగు. తల్లి తుమ్మెద సాయంకాలము వరకు ఆ చెట్టున్న చోటనే తిరుగుచుండెను.

1998లో మాదాపూరున సైబర్ టవర్సు వెలసిన తరువాత ఈ రాతిగుట్టల ప్రాంతము ఎంత మారినదో శ్రోతలకు తెలియును. తంగేడు, జిల్లేడు తగ్గినవి, పచ్చిక తివాచీలు వచ్చినవి. ఎండిన కొమ్మ కనబడినచో తోటమాలి తొలగించును. తోట శుభ్రముగానే యుండును. తుమ్మెదకు మాత్రము చోటు లేదు.

దీనివలన మనకేమి నష్టము? వంగ, టమాటా, తంగేడు పూలలో పుప్పొడి తిత్తులకు కొనయందు చిన్న రంధ్రములు మాత్రమే యుండును. తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని ఒడలు కంపింపజేయగా ఆ పొడి జలజల రాలును. తేనెటీగకు ఈ విద్య రాదు. గాలి కొంత సాయపడును గాని, అద్దపు తలుపుల చాటున నున్న బాల్కనీ వంగమొక్కకు ఆ గాలియు కరవే.

శీతలదేశములలో బంబుల్‌బీ యను బొచ్చుటీగకై తోటలలో గడ్డి, నాచు నింపిన పెట్టెలు పెట్టుదురు. అవియు తరచు ఖాళీగానే యుండును. ఆ యీగ మనదేశమున హిమాలయ ప్రాంతములో కలదు గాని హైదరాబాదులో లేదు. కనుక ఆ పెట్టె తెచ్చి లాభము లేదు. మన తుమ్మెదకు వెదురుబొంగు చాలును. లోపలి బెజ్జము సుమారు 12 మిల్లీమీటర్లు, పొడవు జానెడు. ఒక కొన కణుపుతో మూసియుండవలెను. అయిదారింటిని కట్టగా కట్టి, వాననీరు దిగకుండ తెరచిన కొన కొంచెము క్రిందికి వంచి, చూరు క్రింద ఉదయపుటెండ తగులుచోట కదలకుండ బిగించవలెను. రంగు పూయరాదు. రంగు పూసిన కర్రను తుమ్మెద సాధారణముగా ముట్టదు. మీ తలుపు చట్రములను కాపాడుకొనుటకును అదే ఉపాయము.

కుట్టదా యని అడుగుదురు. ముఖమున కెదురుగా నిలిచి బెదిరించునది తరచు మగది. దానికి కొండియే లేదు. ఆడుదానికి కలదు గాని, పట్టి నలిపిననే తప్ప సాధారణముగా కుట్టదు. మేడల అద్దములకు వ్రేలాడు తేనెపట్టులను చూచి భయపడినవారు దీనిని గూడ ఆ జాబితాలో చేర్చుట అన్యాయము. దీనికి పట్టు లేదు, దండు లేదు.

నా బొంగులు మూడు నెలలు ఖాళీగా నున్నవి. ఇంటివారు నవ్విరి. ప్రక్క కుండీలలో జనుము చల్లితిని. అది పూచిన వారమునకు ఒక ఉదయమున నేలపై చిటికెడు కర్రపొట్టు కనబడినది. ఆ పొట్టును ఊడ్చివేయవచ్చును. బొంగును మాత్రము రెండు నెలలు కదపరాదు, లోపల పిల్లలుండును.