మలుపులో వినవచ్చు టకటక



ఖరగ్‌పూరులోని తెలుగువారికి చక్రముల చప్పుడు కొత్తది కాదు. 1902వ సంవత్సరమున వాల్తేరు - కటకము మార్గము బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరినది. ఆ రైల్వే కొలువుకై ఆంధ్రతీరమునుండి తరలివచ్చిన కుటుంబముల సంతతివారు మథురాకాటి, నీంపురా మొదలగు కాలనీలలో నేటికిని కలరు. నిలిచిన బండి చక్రమును సుత్తితో తట్టి, అది గంటవలె మ్రోగినదా, పగిలిన కుండవలె పలికినదా యని చెవితోనే తేల్చుట క్యారేజి సిబ్బందికి కరతలామలకమైన విద్య. అట్టివారి యిండ్లలో సైతము సొంత కారు చప్పుడు చేసినంతనే చెవిని ప్రక్కనబెట్టి, ఎవరేది చెప్పిన దానిని మార్పించుట విడ్డూరమే.

ఒక కుటుంబమును ఊహించుకొనుడు. తండ్రి కార్ఖానాలో క్యారేజి ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. కుమారునకు పాత మారుతి 800 కారు కలదు. మేనకోడలి పెండ్లికి శ్రీకాకుళము పోవలెను; 16వ నంబరు జాతీయ రహదారిపై ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారి, పదిదినముల గడువు. ఇంతలో గోల్‌బజారువద్ద బండి కుడికి మళ్లినప్పుడెల్ల ఎడమ ముందుచక్రమునుండి టక్, టక్, టక్ మని వినవచ్చుచున్నది. తిన్నగా పోవునపుడు లేదు. స్టీరింగు పోయినదని ఒకరు, బేరింగని ఒకరు, షాకబ్జార్బరని వేరొకరు. మూడింటికిని సొమ్ముపోసి చప్పుడును మాత్రము అట్లే మిగుల్చుకొనినవారు లోకమున కొల్లలు. తండ్రి మాత్రము, "తిన్నగా పోతున్నప్పుడు లేని నొప్పి మలుపులో వస్తూంటే, వంగే కీలునే ముందు చూడాలిరా నాయనా" అనును.

ఆయన మాటలో శాస్త్రమున్నది. రైలుబండిలో ఇరుసును, రెండు చక్రములును బిగిసి ఒకే ముక్కగా తిరుగును. చక్రము పట్టాపై ఆనుచోట సుమారు ఇరువదింట ఒకవంతు వాలు ఉండుటచే, వంపులో వెలుపలి చక్రము పెద్ద చుట్టుపైనను, లోపలి చక్రము చిన్న చుట్టుపైనను దొర్లును. అచట వంగు కీలుతో పనిలేదు. మారుతి 800 వంటి కారులోనన్ననో, ముందుచక్రము ప్రక్కకు తిరుగుచునే ఇంజను శక్తిని గూడ అందుకొనవలెను. 17వ శతాబ్దిలో రాబర్ట్ హుక్ వర్ణించిన కీలు వంగునుగాని, వంగినపుడు ప్రతి చుట్టునందును రెండుమార్లు వేగము హెచ్చి రెండుమార్లు తగ్గును. ఆ కుదుపు చేతిలోని స్టీరింగునకు తెలియును. 1920ల చివర ఆల్‌ఫ్రెడ్ జెప్పా యను ఇంజనీరు, గాడులలో ఆరు ఉక్కుగుండ్లను పొదిగి మరియొక కీలు కల్పించెను. ఇరుసులు ఎంత వంగినను ఆ గుండ్లు వాని నడిమి కోణమును సమభాగము చేయు తలముననే నిలుచును; కావున వేగము మారదు. 1959లో వెలువడిన మినీ కారుతో ఈ కీలు సామాన్యుల బండ్లకు దిగివచ్చినది. గ్యారేజివారు దీనినే సీవీ జాయింటందురు.

అంబాసిడరు గలవారు ఇచట ఒకమాట గమనింపవలెను. ఉత్తరపాడలో తయారై, 2014లో నిర్మాణము నిలిచిపోయిన ఆ బండికి శక్తి వెనుకచక్రములకు పోవును. ముందుచక్రములకు ఈ కీలే లేదు. దానికీ చికిత్స చేయింపబూనుట లేని పంటికి మందు వేయుట.

సీవీ జాయింటు తనంతట తాను చెడుట అరుదు. దానిపై మడతలుగల రబ్బరు తొడుగు, అనగా బూటు, ఉండును. అది ఎండి చీలినచో గ్రీజు చక్రము లోపలివైపున చింది పోవును. మేదినీపురపు ఎఱ్ఱమట్టి, వాననీరు లోనికి చేరును. గుండ్లు దొర్లు గాడులలో గుంటలు పడును. మలుపులో గుండ్లు ఆ గుంటలలోబడి లేచునపుడు పుట్టునదే ఆ టకటక. చవకైన తొడుగు చీలికను చూచి చూడనట్లుండుటచేతనే ఖరీదైన కీలు పోవును.

పరీక్షకు ముందు చక్రపు నట్లు బిగువుగానున్నవో లేదో చూడవలెను. వదులైన నట్టు కూడ టకటకలాడును, అది ప్రాణాపాయము. టైరు గాడిలో రాయి చిక్కినను చప్పుడగును, కాని తిన్నగా పోవునపుడును వినవచ్చును. పిమ్మట జనసంచారము లేని మైదానమున అద్దములు దించి, స్టీరింగును ఒకవైపునకు పూర్తిగా త్రిప్పి, మెల్లగా గుండ్రముగా నడుపవలెను, తరువాత రెండవవైపునకు. చక్రపు వేగముతోపాటు టకటకయు హెచ్చినచో బాహ్యపు కీలే దోషి. కుడికి తిరుగునపుడు పలికినచో సాధారణముగా ఎడమది. ఇది తుది తీర్పుగాదు, తొడుగును కన్నులార చూడవలెను. నిలిచియున్న బండిలో స్టీరింగు త్రిప్పినంతనే ఒక్కమారు "టక్కు" మన్నచో బాల్ జాయింటునో, స్ట్రట్ పైబేరింగునో అనుమానింపవలెను.

తొడుగు చినిగియు చప్పుడు పుట్టనిచో, కీలును విప్పి కడిగి, మాలిబ్డినము గల నల్లని గ్రీజు నింపి, కొత్త తొడుగు వేసిన చాలును. చప్పుడు పుట్టిన పిమ్మట గ్రీజు వలన గుంటలు పూడవు, కీలునే మార్పవలెను. "శ్రీకాకుళము పోయివచ్చి చూతము" అనుట తగదు. ఒక ప్రక్క కీలు విరిగినచో, డిఫరెన్షియలు ధర్మముచేత రెండవ చక్రమునకును శక్తి అందదు. రాత్రివేళ రహదారి నడుమ, పెండ్లి సామానుతో బండి కదలక నిలుచును.

మార్చునపుడు చక్రము నేలపైనుండగనే హబ్ నట్టును వదులు చేయవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి బండిక్రింద దూరరాదు, స్టాండులు పెట్టవలెను. ఇరుసు ఊడదీసినపుడు గేరుబాక్సు నూనె కారును గనుక దానిని మరల కొలతకు నింపవలెను. హబ్ నట్టు కొత్తదై, తయారీదారు చెప్పిన బిగువునకు టార్క్ రెంచితో బిగియవలెను. తుదకు బండిని అదే మైదానమునకు తీసికొనిపోయి, కుడికొక చుట్టు, ఎడమకొక చుట్టు త్రిప్పుచు, ఫిట్టరుగా పనిచేసిన ఆ తండ్రిని ప్రక్క సీటులో కూర్చుండబెట్టి వినిపింపవలెను.