కుర్చీ సర్కారుది, ఆలోచన మనది

(విజయవాడలో ఉద్యోగులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, సొంత డబ్బుతో కొనుక్కున్న ఫోనులో నాలుగు ముక్కలు రాసుకున్నా మెమో వస్తుందేమోనని మేం ఉద్యోగులం భయపడుతున్నాం. రాసింది తుడిపేసుకుంటున్నాం. లైకు కొట్టడానికి కూడా వెనకా ముందూ చూసుకుంటున్నాం. ఈ భయం గురించే ఇవ్వాళ మాట్లాడుకోవాలి.

ఉద్యోగికి రాజకీయాలెందుకని అడిగేవాళ్లకు మన చరిత్రే జవాబు. 1972లో జై ఆంధ్ర ఉద్యమానికి ఎన్జీవోల సమ్మె వెన్నెముక అయింది. 2011లో తెలంగాణ ఉద్యోగులు సకల జనుల సమ్మెలో 42 రోజులు నిలబడ్డారు. 2013లో ఇటువైపు ఉద్యోగులు సమైక్యాంధ్ర కోసం రెండు నెలలు సమ్మె చేశారు. గమ్యాలు వేరు, ఒకదానికొకటి ఎదురు కూడా. కానీ తమ పక్షాన నిలిచిన ఉద్యోగిని చూసి ‘నీకెందుకీ రాజకీయాలు’ అన్న నాయకుడెవరు? అవసరానికి మేం ఉద్యమకారులం, అవసరం తీరాక క్రమశిక్షణ లేనివాళ్లమా?

ఇక నిబంధనల సంగతి. మన ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదంటుంది. అందులోనే ఒక మినహాయింపూ ఉంది. ఉద్యోగులు మాత్రమే కూర్చున్న సమావేశంలో, గుర్తింపు ఉన్న సంఘంలో మన బాగోగులు చర్చించుకోవచ్చు. మరి సంఘం వాట్సాప్ గ్రూపు ఆ నాలుగు గోడల గదా, నడిబజారా? 1964లో ఈ ప్రశ్నే లేదు. ఇవ్వాళ జవాబు స్పష్టంగా రాసిపెట్టకపోతే, పై అధికారికి ఎలా తోస్తే అదే నిబంధన అవుతుంది.

కోర్టులు మనల్ని పూర్తిగా వదిలెయ్యలేదు. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని, సమ్మె హక్కు లేకపోయినా శాంతియుత ప్రదర్శనలన్నిటినీ నిషేధించడం చెల్లదని బీహార్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది. త్రిపురలో రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు ఒక ఉద్యోగినిని సస్పెండ్ చేశారు. పార్టీ సభకు వెళ్లిందని, ఫేస్‌బుక్‌లో రాసిందని అభియోగం. 2020 జనవరిలో అక్కడి హైకోర్టు ఆ చర్యను కొట్టేసింది. నియమాలకు లోబడి ఉద్యోగికీ భావప్రకటన హక్కు ఉంటుందని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన నర్సీపట్నంలో ఏం జరిగింది? ఆసుపత్రిలో మాస్కులు చాలడం లేదని బయటికి చెప్పిన ప్రభుత్వ డాక్టరును సస్పెండ్ చేశారు.

దివిసీమ శివారు పొలాలకు నీళ్లు అందకపోతే ముందు తెలిసేది కాలువ గట్టున తిరిగే లస్కరుకే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎక్కడ ఏ లోటు జరిగిందో ఆ నీళ్లలో దిగి పనిచేసినవాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్ల నోరు కట్టేస్తే నష్టపోయేది ఉద్యోగి ఒక్కడే కాదు, రైతు, బస్తీ జనం కూడా.

అయితే మిత్రులారా, మన ఇల్లూ చక్కదిద్దుకోవాలి. పోలింగ్ నాడు బూత్‌లో ప్రిసైడింగ్ అధికారిగా కూర్చునే పంతులుగారు ముందు రోజు దాకా ఒక పార్టీ జెండా ఫోటో పెట్టుకుంటే, ఆ ఊళ్లో రెండో పార్టీ వాళ్లు ఆయన్ని ఎలా నమ్ముతారు? ఆఫీసు ఫైలు ఫోటో తీసి పెట్టడం, కులం పేరుతో, ఆడవాళ్ల గురించి నోరు పారేసుకోవడం అభిప్రాయం కాదు. దాన్ని మనం వెనకేసుకు రాకూడదు.

మేం అడిగేది మూడే. ఏది పౌరుడి అభిప్రాయమో, ఏది పార్టీ ప్రచారమో నిబంధనల్లో విడమరచి రాయాలి. సంజాయిషీ వినకుండా సస్పెన్షన్ వద్దు. ప్రభుత్వాన్ని తిట్టినవాడికీ పొగిడినవాడికీ ఒకే కొలత ఉండాలి. పాలకపక్షానికి జేజేలు కొట్టినందుకు మెమో అందుకున్న ఉద్యోగిని మీలో ఎవరైనా చూశారా?

2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ కోసం ‘చలో విజయవాడ’ అన్నప్పుడు అరెస్టులు దాటుకుని వేలమంది వచ్చి బీఆర్‌టీఎస్ రోడ్డు నింపారు. అంతమంది కలిసి నడిచిన రోజు ఎవరికీ భయం లేదు. ఇంట్లో ఒంటరిగా ఫోను పట్టుకున్నప్పుడే భయం. కనుక ఒక్కరికి మెమో వస్తే అది అందరికీ వచ్చినట్టే అనుకుందాం. జవాబు కూడా అందరం కలిసే రాద్దాం.