29 రోజుల కథ: నవల రాయబోయేవారి ముందు ఒక పాత పేచీ



స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు ముందుగా ఆ పెద్దమనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద. ఇవాళ మనం తలుచుకుంటున్న మాస్టారి పాండిత్యం గురించీ, ఆయన పెంచిన గ్రంథాలయం గురించీ నాకన్నా ముందు ఈ వేదిక ఎక్కినవాళ్లంతా చెప్పారు. ఆ ఉపన్యాసాల పుస్తకాలు మీ దగ్గర ఉన్నాయి కనుక మళ్లీ చెప్పను. నాకు గుర్తున్న మాస్టారు నస్యం పీల్చే మాస్టారు. కుర్రతనంలో నేనొక నవల రాసి ఆయన చేతిలో పెట్టాను. కొన్నాళ్లకు తిరిగి ఇచ్చారు, అభిప్రాయం మాత్రం చెప్పలేదు. ఇంటికి వెళ్లి తిరగేస్తే పుటల మధ్య నస్యం పొడి కనిపించింది. సగం దాకా ఉంది, ఆ తర్వాత కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. అంత నిజాయితీ గల సమీక్ష నాకు మళ్లీ ఎవరూ రాయలేదు. ఆయన పేరున మాట్లాడే గౌరవం ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'నవల రాయదలచినవారికి సూచనలు, ప్రోత్సాహం'. సూచనల్లో చాలా వాటికి నా అవసరం లేదు. బాగా చదవండి, రోజూ కొంత రాయండి, మీ ఊరి మాటను సిగ్గుపడకుండా వాడండి అని మీకు ఎవరైనా చెబుతారు, అవన్నీ నిజమే. మన తొలి నవల నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారి 1872 నాటి 'శ్రీరంగరాజ చరిత్ర'నా, లేక 1878లో 'వివేకవర్ధని'లో మొదలైన కందుకూరి 'రాజశేఖర చరిత్రము'నా అన్న తగవు కూడా పక్కన పెడుతున్నాను. దానికి వేరే సభలున్నాయి, అక్కడ కాఫీ కూడా బాగుంటుంది.

నా తగవు వేరు. చాలాకాలంగా పడుతున్నాను, ఇవాళ కూడా పడతాను. 'వేయిపడగలు' 29 రోజుల్లో పుట్టిందన్న మాటతోనే నా పేచీ.

విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలను ఆశువుగా చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారనీ, 29 రోజుల్లో పూర్తయిందనీ మనమంతా విన్నాం. ఆ లెక్కను నేను కాదనడం లేదు. ఇలా మొదలుపెట్టగానే ఒకసారి ఒక సభలో నన్ను విశ్వనాథ ద్వేషి అన్నారు కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను. ఆ కథ నుంచి మన కుర్రవాళ్లు ఏం నేర్చుకుంటున్నారన్నదే నా ప్రశ్న. మహానవల ఒక్క ఊపులో రావాలి, రాకపోతే మనలో సత్తా లేదు, వచ్చినదాన్ని మళ్లీ ముట్టుకుంటే జీవం పోతుంది: ఈ మూడూ నేర్చుకుంటున్నారు. మూడూ తప్పే. నా దగ్గరికి రాతప్రతులు తెచ్చే పిల్లలు తమ గొప్పగా మొదట చెప్పేది ఎన్ని రోజుల్లో రాశారన్నది. ఎన్నిసార్లు రాశారో చెప్పినవాళ్లు అరుదు.

ఈ నమ్మకానికి ఈ మధ్య అమెరికా మద్దతు కూడా దొరికింది. అక్కడ 1999లో మొదలై, ఏటా నడిచి, 2025లో మూతపడ్డ ఒక ఆటలో నవంబరు నెల 30 రోజుల్లో 50,000 మాటలు రాయాల్సి ఉండేది. బద్ధకం వదిలించుకోవడానికి మంచి మందే. కానీ ఆ లెక్క ఇంగ్లిషు మాటలది. 'వెళ్లిపోవలసివచ్చిందనుకున్నాడు' అని మనం ఒక్క మాటలో అనేసేదానికి వాళ్లకు అరడజను మాటలు పడతాయి. మన భాషలో 50,000 మాటలంటే ఎంత బరువో ఆ పోటీలో దిగిన మనవాళ్లు లెక్క వేసుకుని ఉంటే బాగుండేది.

అసలు సంగతికి వస్తాను. 'వేయిపడగలు' నాటికి, అంటే 1934లో, విశ్వనాథ వయసు 39. 'ఏకవీర' అప్పటికే 'భారతి'లో వచ్చింది. పద్యం, పాట, కథ అన్నీ ఆయన చేతిలో నలిగి ఉన్నాయి. ఆ నవల నాయకుడు ధర్మారావు జీవితంలో విశ్వనాథ సొంత జీవితం ఎంత కలిసి ఉందో చదివినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. కనుక ఆ 29 రోజులు చెప్పడానికి పట్టిన కాలం మాత్రమే. కూర్చడానికి పట్టిన కాలం మనకు తెలియదు, తెలుసుకోవాలని మనం పట్టుబట్టనూ లేదు.

ఇంకో సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తాను పెట్టిన నవలల పోటీ బహుమతిని 'వేయిపడగలు'కూ, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'కూ కలిపి పంచింది. ఇద్దరూ 1895లోనే పుట్టారు. ఒకే పోటీ, ఒకే బహుమతి, ఒకే ఈడు. మరి 'నారాయణరావు' ఎన్ని రోజుల్లో రాశారని ఏ సభలోనైనా ఎవరైనా అడిగారా? అడగరు. ఎందుకంటే మనకు నవల కన్నా మహిమ ఇష్టం.

ఇక తమ్ముడి విషయం. నాకు ఈ కథలో అసలు పాఠం అక్కడే ఉందనిపిస్తుంది. నవల చెబుతున్న మనిషికి ఎదురుగా వింటున్న మనిషి ఉన్నాడు. వాక్యం వాక్యం ఒక చెవిలో పడి, ఆ తర్వాతే కాగితం మీదికి దిగింది. మొదటి పాఠకుడు అచ్చయ్యాక రాలేదు, పుట్టేటప్పుడే ఉన్నాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని చూడండి. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ, చివరికి పూర్తిగా పోయింది. మనసులో కూర్చుకుని ఇతరుల చేత రాయించేవారు. 'గణపతి' చదివితే ఎక్కడ ఎవరు ఎలా నవ్వుతారో ముందే తెలిసిన గొంతు వినపడుతుంది. ఇదంతా వేగానికి సంబంధించినది కాదు, చెవికి సంబంధించినది. అందుకని నవల రాసేవారికి నేను గట్టిగా చెప్పే సలహా ఒక్కటే: ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి మీ నవల పైకి చదవండి. అన్నో, చెల్లెలో, హాస్టల్లో గదిలో ఉండేవాడో ఎవరైనా సరే. వాళ్ల పొగడ్తను లెక్క చేయకండి. ఎక్కడ ఫోను చూసుకున్నారో మాత్రం గుర్తు పెట్టుకోండి.

వేగవాదులు నాకు రెండు మూడు ఉదాహరణలు చూపిస్తూ ఉంటారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి'ని రాయవేలూరు జైల్లో రాశారు కదా, అక్కడ తిరగరాసే తీరిక ఎక్కడిదంటారు. జైల్లో లేనిది స్వేచ్ఛ. తీరిక మాత్రం బయటివాళ్లకన్నా ఎక్కువే ఉంటుంది. పైగా ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దాని చరిత్రను వేగంతో కొలవడం ఆ రచయిత పడ్డ పాటును చిన్నబుచ్చడమే.

దీనికి నేను ఎదురు చూపించే ఉదాహరణ 'అంపశయ్య'. నవీన్ గారి ఆ నవలలో ఉస్మానియా హాస్టలు కుర్రవాడు రవి గడిపే కాలం ఒకే రోజు, 16 గంటలు. దాన్ని రాయడం 1965లో మొదలుపెడితే పుస్తకం 1969లో వచ్చింది. ఒకవైపు కొన్ని తరాల కథను 29 రోజుల్లో చెప్పిన మనిషి, ఇంకోవైపు ఒక్క పగటి మీద ఏళ్లు కూర్చున్న మనిషి. ఇద్దరి నవలలూ నిలిచాయి. రోజుల లెక్కతో నవల విలువ తేలదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వేగవాదుల చేతిలో ఉన్న బలమైన వాదం మాత్రం వేరొకటి, దాన్ని తేలిగ్గా కొట్టేయను. సీరియల్ వాదం. వారపత్రికల రోజుల్లో రచయితలు వారం వారం భాగం రాసి పంపారు, సిరా ఆరకముందే కంపోజింగుకు వెళ్లింది, లక్షల మంది చదివారు, ఆ నవలల్లో కొన్ని ఇప్పటికీ పునర్ముద్రణ అవుతున్నాయి, మరి దిద్దుబాటు ఎప్పుడు జరిగిందని అడుగుతారు. మంచి ప్రశ్న. సీరియల్‌కూ పుస్తకానికీ నడుమ జరిగిందని నా అనుమానం. వారం వారం 'సశేషం' ముందు వేసిన మెలిక పుస్తకంలో అక్కరలేదు. పోయిన వారం చదవనివారి కోసం రాసిన పునశ్చరణ అక్కరలేదు. మూడో నెలలో పాఠకుల ఉత్తరాలు చూసి పెంచిన పాత్ర మొదటి అధ్యాయంలో కూడా కనిపించాలి కదా. ఇవి ఎవరు, ఎప్పుడు, ఎంత సవరించారు? మన విమర్శ దీన్ని దాదాపుగా పట్టించుకోలేదు. మనం పుస్తకం చూసి సిద్ధాంతవ్యాసం రాస్తాం, పత్రిక ప్రతిని చూడం.

రెండు పాఠాలను పోల్చి చూడటం మనకు కొత్త కాదు. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. మనం చదివేది, ఆడేది, మాట మాటకూ ఉటంకించేది మాత్రం 1909 నాటి రెండో కూర్పు. అయిదంకాల నాటకం ఏడంకాలయింది. మధురవాణి ఇప్పుడున్న మధురవాణి అయింది. గురజాడ ఆ మొదటిదానితోనే తృప్తిపడి ఉంటే మనకు ఈ గొప్ప వచనం ఉండేదా? 'అది నాటకం కదండీ, నవలకేం సంబంధం' అని ఒక మిత్రుడు అన్నాడు. తెలుగు సంభాషణ రాయడం నేర్చుకున్న ప్రతి నవలాకారుడూ ఆ నాటకానికి ఎంతో కొంత బాకీ పడ్డవాడే కనుక సంబంధం ఉంది. ఆ రెండు కూర్పుల తేడా మనకు తెలియడానికి కారణం బంగోరె. 1969లో ఆయన 'మొట్టమొదటి కన్యాశుల్కం' వెలికి తీసి అచ్చు వేశారు. లేకపోతే గురజాడ కూడా ఒక్క ఊపులోనే రాసేశాడని మనం ఈపాటికి ఒక కథ అల్లేవాళ్లం.

ప్రచురణ గురించి చెప్పకపోతే నిర్వాహకులు ఒప్పుకోరు, త్వరగా చెబుతాను. సొంత ఖర్చుతో వేసుకోవడం నామోషీ అనుకోకండి. కందుకూరి వీరేశలింగం గారిది సొంత పత్రిక, సొంత అచ్చుకూటం. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మారు. ఇప్పుడు అడిగినన్ని ప్రతులే అచ్చు వేసే వీలుంది, వెయ్యి ప్రతులు వేసి మంచం కింద దాచుకోనక్కరలేదు. ఐఎస్‌బీఎన్ కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి డబ్బు అడిగేవారిని నమ్మకండి. డీటీపీ చేసినవారే ప్రూఫులు చూస్తామంటే ఒప్పుకోకండి. పోటీలకు పంపండి. 1890లలో 'చింతామణి' పత్రిక పోటీ చిలకమర్తి వారి 'రామచంద్ర విజయం'కు దారి వేసినట్టే, మన కాలంలో తానా పోటీల నుంచి చంద్రలత గారి 'రేగడి విత్తులు', సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' వచ్చాయి. బహుమతి రాకపోయినా గడువు వల్ల నవల పూర్తవుతుంది.

ఒప్పందం మాత్రం చదవకుండా సంతకం చేయకండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతలో ఉండాలి, మీ సంతకం ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరుగా లేకుంటే, ఆ హక్కు మళ్లీ మీదే. సినిమా హక్కు, ఆడియో హక్కు, అనువాద హక్కు విడివిడిగా ఉంచుకోండి. 'సర్వహక్కులూ' అన్న మాట కనిపిస్తే కలం కింద పెట్టండి. ముందుమాటల కోసం పెద్దల చుట్టూ తిరిగే సమయంలో ఇంకో అధ్యాయం తిరగరాయవచ్చు. నేను కూడా ముందుమాటలు రాస్తూనే ఉంటాను, అయినా అంటున్నాను.

మిగిలిన సమయం నా పనికి వాడుకుంటాను. కొంతకాలంగా సీరియల్ పాఠాన్నీ పుస్తక పాఠాన్నీ పక్కపక్కన పెట్టి మన నవలలు చదువుతున్నాను. బంగోరె ఒక నాటకానికి చేసిన పని కనీసం పది నవలలకైనా జరగాలన్నది నా కోరిక. 'భారతి' సంచికలు స్కాన్ అయి దొరుకుతున్నాయి కాబట్టి అక్కడ పెద్ద చిక్కు లేదు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్ల పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. చిక్కల్లా ఇళ్లలో చదివి పారేసిన పాపులర్ పత్రికలతో. వాటిని సాహిత్యమని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఎవరూ దాచలేదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. పుస్తకం ఎన్ని ముద్రణలు చూసిందో లెక్కలేదు. ఆ పత్రిక సంచికలు వరసగా ఒక చోట చూడటం మాత్రం గగనమైపోయింది. ఒక తరం ఆడవాళ్లకు చదవడం అలవాటు చేసిన నవల మొదట ఎలా వచ్చిందో చెప్పలేని స్థితిలో ఉండి, నవలా చరిత్ర రాశామని మనం ఎలా అంటాం?

ఇక్కడున్న కొత్త రచయితలకు కూడా ఈ పనిలో భాగం ఉంది. మీరు కంప్యూటర్లో రాస్తారు. నిన్నటి వాక్యం మీద ఇవాళ్టి వాక్యం కూర్చుంటుంది, కొట్టివేత కనబడదు. ఒక్కొక్క కూర్పునూ తేదీ వేసి వేరే ఫైలుగా దాచండి. సంపాదకులు తిప్పి పంపిన ప్రతిని, వాళ్లు గీసిన గీతలతో సహా ఉంచండి. మీ రెండో నవల రాసేటప్పుడు మొదటిది ఎక్కడ దారి తప్పి ఎక్కడ దారిలో పడిందో అందులో దొరుకుతుంది. అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం మీకు ఎవరూ రాసిపెట్టలేరు.

సభలో పాత పత్రికలు దాచుకున్న ఇళ్లవారు తప్పక ఉంటారు. 1964, 65 నాటి 'జ్యోతి' సంచికలు, వారపత్రికల నుంచి చింపి కుట్టుకున్న సీరియళ్లు, రచయితల ప్రూఫులు, చేతిరాత నోటుపుస్తకాలు ఏవి ఉన్నా నాకు కావాలి. అట్టలు పోయినవీ, చెద పట్టినవీ కూడా తీసుకుంటాను. స్కాన్ చేసి మీవి మీకే తిరిగి పంపుతాను. ఈసారి ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలవాణ్ణి పిలిచే ముందు నాకు ఒక్క ఫోను చేయండి. నంబరు ఈ ఉపన్యాసం అచ్చేసే పుస్తకం వెనక అట్ట మీద వేయమని నిర్వాహకులకు చెప్పాను.