మాజీ సైనికులును స్వతంత్ర వృత్తియును
(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిలో వ్యాకరణము చెప్పినవాడను. వర్తకమును గూర్చి మాటలాడుటకు నాకేమి యధికారమని మీరడుగవచ్చును. నా శిష్యులలో పలువురు సైన్యమున జేరిరి. వారిలో నొకని కథయే నన్నీ వేదిక నెక్కించినది.

2022కు ముందు సైన్యమున జేరిన సామాన్యమైన జవాను పదునైదు, ఇరువది యేండ్లు కొలువు చేసి, తరచుగా నలుబది నిండకమునుపే యింటికి వచ్చును. పిల్లల చదువులు, ఆడపిల్ల పెండ్లి, వృద్ధులైన తల్లిదండ్రులు, ఈ భారమంతయు నప్పుడే మీదబడును. పింఛనొక్కటియే చాలదు. క్షత్రియునకు వర్తకమును ధర్మశాస్త్రకారులు ఆపద్ధర్మముగా ననుమతించిరి. నేటి సైనికునకది యాపద్ధర్మము కాదు, రెండవ జీవితము.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమును లోకము ‘మిలిటరీ మాధవరము’ అని పిలుచును. రెండు ప్రపంచ యుద్ధములకును అచ్చటివారు తరలిరి. పోవువానికి హారతి పట్టుట తెలుగునేలకు దెలియును. మరలివచ్చినవానిని నిలుపుట తెలిసినదా యని నా ప్రశ్న.

ప్రభుత్వమేమియు జేయలేదనుట న్యాయము కాదు. 2008లో నారంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకమునందు మాజీ సైనికులను ప్రత్యేక వర్గముగా జేర్చిరి. 2022 నాటి నిబంధనలనుబట్టి వారు తమ వంతుగా నూటికి 5 పెట్టిన జాలును. రాయితీ గ్రామమున నూటికి 35, పట్టణమున 25. అనగా పల్లెలో పదిలక్షల పని పెట్టువాడు తన చేతినుండి 50,000 రూపాయలు పెట్టవలెను; 3,50,000 రూపాయలు రాయితీ. అయితే ఇందొక మెలిక గలదు. ఆ రాయితీ చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులోనే నిలువయుండును. పని నడచుచున్నదని తనిఖీలో తేలిన పిమ్మటనే అప్పులో జమ యగును. కావున ఆ మూడేండ్లే ప్రాణము.

నా శిష్యుడు సైన్యమున యంత్రములు బాగుచేయు విద్య నేర్చినవాడు. ఈ పథకము క్రిందనే అప్పుతెచ్చి మోటారు వైండింగు కొట్టు పెట్టెను. పని కొదువ లేదు. మనవారందరి బోరుబావుల మోటార్లును వానియొద్దకే వచ్చెను. ‘‘బావా, పంట రానిమ్ము’’, ‘‘అల్లుడా, వచ్చేనెల చూతము’’ అని యందరును వరుసలు కలుపుకొని పోయిరి. రాగితీగ కొన్నచోట మాత్రము వానికెవరు నరువీయలేదు. రెండవ యేట కొట్టు మూతబడినది. రాయితీ మరలిపోయినది. అప్పు మిగిలినది.

మూసిననాడు వాని ఖాతా పుస్తకము చూచితిని. అందు నా పేరును గలదు. 2,400 రూపాయలు. గురువును గావున వాడెన్నడు నన్నడుగలేదు. అడుగలేదు గావున నేనును మరచితిని. ఆ సొమ్ము మరునాడే యిచ్చితిని గాని, తెరచియున్ననాడిచ్చిన రూపాయి వేరు, మూసినపిమ్మట నిచ్చిన రూపాయి వేరు.

కావున సభవారికి మూడు విన్నపములు. మాజీ సైనికుని కొట్టులో మనవారెవరును అరువు పెట్టరాదు. బంధుత్వము పెండ్లిపందిరిలో చూపుదము. ప్రతి మండల శాఖయు లెక్కలు తెలిసిన యొకరిని నియమించి, మొదటి మూడేండ్లు నెలకొకనాడు వానితో గూర్చుండి జమాఖర్చులు వ్రాయింపవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు దరఖాస్తు పెట్టుటలో తోడుపోవలెను. మూడవది, మాజీ సైనికుని పేరుమీద వచ్చిన వ్యాపారమును డబ్బుగలవారు తామే నడుపుకొని, వానికి నెలకింత విదల్చుట మనలో నెచ్చటనైన నున్నచో నేడే మానవలెను. వాడు దేశమున కిచ్చినది యౌవనము. మనము వాని పేరును గూడ నద్దెకు గొనరాదు.

ప్రభుత్వము విత్తనమీయగలదు. నీరుపోయవలసినది ఇరుగుపొరుగువారే.

స్వస్తి.