పెరటి కొలను – కట్టడం, కాపాడుకోవడం

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్టు, ఇవే చర్చకు వస్తుంటాయి. ఈసారి కాస్త చల్లని విషయం చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మా పెరట్లో పన్నెండేళ్లుగా ఒక చిన్న కొలను ఉంది. నేను ఇంజనీరును కాను, వ్యవసాయ శాఖవాణ్ణీ కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు రాసిన గుమాస్తాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా స్వయంగా చేసి చూసినదీ, తెలిసినవారిని అడిగి రూఢి చేసుకున్నదీ మాత్రమే.

ముందుగా అసలు మాట చెబుతాను. కొలను కట్టడం నాలుగు రోజుల పని. దాన్ని చూసుకోవడం ఏళ్ల తరబడి పని. అందుచేత సైజు నిర్ణయించేటప్పుడు పెరట్లో ఎంత జాగా ఉందో కాదు, మన చేతుల్లో ఎంత సత్తువ ఉందో చూడాలి.

లెక్క సులభం. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28తో హెచ్చవేస్తే ఇంచుమించు లీటర్లు వస్తాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర నీటి లోతు ఉంటే సుమారు వెయ్యి లీటర్లు. అంటే 15 లీటర్ల బకెట్లు 67. అదే నాలుగడుగులు, మూడడుగులు, అడుగున్నర అయితే సుమారు 500 లీటర్లు, 34 బకెట్లు. డెబ్బై దాటినవారికి ఈ రెండోదే తగినది. ఎప్పుడైనా ఖాళీ చేయవలసివస్తే మనిషి సాయం లేకపోయినా రెండు మూడు రోజుల్లో మగ్గుతో, బకెట్టుతో మనమే తోడెయ్యగలం.

డాబా మీద కడదామనుకునేవారికి ఒక హెచ్చరిక. వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. ఇంజనీరు చూసి సరే అనకుండా స్లాబు మీద పెట్టవద్దు. అపార్టుమెంట్లలో ఉండేవారు పాత గంగాళంలోనో, వెడల్పాటి సిమెంటు తొట్టిలోనో ఒక కలువ దుంప, నాలుగు చేపలు వేసుకుంటే చాలు. సూత్రాలన్నీ అవే.

ఇక స్థలం. కలువకు రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. మధ్యాహ్నం రెండు దాటాక నీడ పడితే మరీ మంచిది, వేసవిలో నీళ్లు కాగిపోవు. వేప, మునగ చెట్ల కింద వద్దు. ఆకు రాలి కుళ్లి నీరు పాడవుతుంది. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. వంటింటి కిటికీలోంచి కనబడే చోటైతే ఇంట్లో ఎవరో ఒకరి కన్ను ఎప్పుడూ దాని మీద ఉంటుంది.

కట్టే పద్ధతి ఇది. గుంట తవ్వి, అడుగున మూడంగుళాల ఇసుక పరిచి తడిపి దిమ్మిసా కొట్టాలి. దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు, చుట్టూ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. గోడ నేలమట్టానికి ఆరంగుళాలైనా పైకి లేవాలి, లేకపోతే వానకు పెరటి మురికంతా లోపలికి వస్తుంది. పైన చెప్పిన చిన్న సైజుకు సుమారు 180 ఇటుకలు పడతాయి. లోపల ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుకతో, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి, నున్నగా పూత వేయించాలి. నిండినప్పుడు నీరు పోవడానికి పైభాగంలో ఒక గొట్టం, దాని మూతికి సన్నని జాలీ ఉండాలి.

గోదావరి డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే ఊళ్లు చాలా ఉన్నాయి. అటువంటి చోట కొలను సగం నేలలో, సగం పైకి కట్టించడం మేలు. వానాకాలంలో పూర్తిగా ఖాళీ చేయకూడదు. కిందినుంచి ఊట తోసి అడుగు పగిలే ప్రమాదం ఉంది. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెరలిస్తుంది. అక్కడ ఇసుక పరుపు ఇంకొంచెం మందంగా వేయించాలి.

పని అయిపోగానే చేపలు వేస్తే బతకవు. కొత్త సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు నింపి ఐదారు రోజులుంచి పారబోయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. వారానికి మించి ఉంచితే అందులో దోమ పుడుతుంది. నాలుగోసారి నింపి మొక్కలు పెట్టి, పది రోజులాగి చేపలు వేయాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక, వేరే తొట్టిలో పట్టి ఒకటి రెండు రోజులు ఎండకు ఉంచి పోయడం మంచిది.

మొక్కల విషయంలో పేర్లు కలగాపులగం చేస్తుంటాం. ఆకు నీటి మీద పరుచుకునేది కలువ. ఆకు కాడతో పైకి లేచేది తామర. తామర జోరుగా అల్లుకుంటుంది, చిన్న కొలనుకు కలువే సరి. కడియం, కడియపులంక నర్సరీల్లో కలువ దుంపలు దొరుకుతాయి. వెడల్పు కుండీలో చెరువు మట్టి నింపి, దుంప పెట్టి, పైన రెండంగుళాల ఇసుక పరిచి నీటిలో దించాలి. ఎరువులు, వర్మీ కంపోస్టు కలపవద్దు. అవి నీటిలో కలిసి నాచును పెంచుతాయి. పూలు బాగున్నాయని గుర్రపు డెక్క మాత్రం తేవద్దు. దక్షిణ అమెరికానుంచి వచ్చిన ఆ మొక్క మన కాలువలను, కొల్లేరును ఎలా కమ్మేసిందో అందరం చూశాం.

ఇప్పుడు దోమల సంగతి. ఇదే అసలు పరీక్ష. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. డెంగీ తెచ్చే దోమ మురికి నీరే కావాలని పట్టుబట్టదు. ఇళ్లలోని మంచినీళ్ల తొట్టెలు, కూలర్లు, కుండీల కింది పళ్లేలే దానికి పుట్టిళ్లు. గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో రెక్కల దోమ అయి లేస్తుంది. అందుకే వారానికోసారి డ్రై డే పాటించమని ఆరోగ్య శాఖవారు చెప్పేది. రోజూ ఖాళీ చేయలేని కొలనులో ఆ పని చేపలే చేయాలి.

దీనికి గప్పీ చేపలు చాలు. పది పన్నెండు వేస్తే అవే పెరుగుతాయి. దోమ పిల్లలను ఏరి తింటాయి కనుక వాటికి మేత చాలా తక్కువ వేయాలి. రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే. కడుపు నిండా పెడితే వేటాడవు, మిగిలిన మేత కుళ్లుతుంది. గంబూసియా కూడా దోమ పిల్లలను తింటుంది గాని అది ఇతర చేపల గుడ్లను, కప్ప పిల్లలను వదలదు. ఏ చేపనైనా, ఏ మొక్కనైనా మన కొలనులోంచి తీసి కాలువలో, చెరువులో వదలకూడదు.

రెండేళ్ల క్రితం వానాకాలంలో మా పక్కింటివారు వచ్చి, "మాస్టారూ, మా కోడలు నెలతప్పింది. ఊళ్లో డెంగీ జ్వరాలు. మీ నీళ్ల గుంట పూడ్చెయ్యండి" అన్నారు. వారి భయం న్యాయమైనది. ఆ సాయంత్రమే టార్చిలైటు పట్టుకుని ఇద్దరం కొలను చూశాం. అరగంటసేపు చూసినా ఒక్క దోమ పిల్ల కనబడలేదు. తరవాత వీధి చివరి ఖాళీ స్థలం దాకా నడిచాం. కొబ్బరి చిప్పల్లో, పాత టైరులో నీళ్లు కదులుతున్నాయి. ఇద్దరం కలిసి అన్నీ బోర్లించాం. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆయన మా కొలను చూసి వెళతారు. నాకూ అదే కావాలి. ఎదుటివాడు వచ్చి తనిఖీ చేయగల స్థితిలో కొలను లేకపోతే దాన్ని ఉంచుకునే హక్కు మనకు లేదు.

దోమకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. పండక్కి మనవలు వస్తారు. మోకాలి లోతు నీళ్లే కదా అనుకోవద్దు. ఏడాది, రెండేళ్ల బిడ్డ బకెట్టు నీళ్లలో తలకిందులుగా పడినా లేవలేడు. కేక కూడా వినబడదు. మా ఆవిడ మొదటి రోజే, "పైన జాలీ లేకుండా చుక్క నీరు పోయనివ్వను" అంది. రెండంగుళాల గడుల వెల్డ్‌మెష్‌ను ఇనుప చట్రానికి బిగించి, గట్టు మీద కూర్చోబెట్టి తాళం వేశాం. పెద్దమనిషి చేతులానించి బరువు వేసినా అది వంగకూడదు. కలువ మొగ్గలు ఆ గడుల్లోంచే పైకి వచ్చి విచ్చుకుంటాయి. కొంగలకూ, పిల్లులకూ కూడా చేపలు అందవు. జాలీ ఉన్నా పసివాళ్లను ఒంటరిగా వదలకూడదు.

మన జాగ్రత్తా మనకుండాలి. గట్టు మీద నున్నని టైల్సు వేయించవద్దు, గరుకు రాయి వేయించండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు శుభ్రం చేసే పని పెట్టుకోవద్దు. మోటారు పెట్టుకున్నవారు ఎర్తింగు, ఆర్.సి.సి.బి. ఉన్నాయో లేదో చూసుకుని, స్విచ్చి కట్టి ప్లగ్గు పీకాకే నీటిలో చెయ్యి పెట్టాలి. నా కొలనుకు మోటారు లేదు.

రోజువారీ పని పది నిమిషాలు. తెల్లవారగానే చేపలను చూడాలి. అవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే నీటిలో గాలి తగ్గిందని అర్థం. రాత్రిపూట మొక్కలూ ఆ గాలినే పీల్చుకుంటాయి. మగ్గుతో నీళ్లు తీసి ఎత్తునుంచి ధారగా పోస్తే తేరుకుంటాయి. పండుటాకులు తీసెయ్యాలి. వారానికోసారి పదో వంతు నీరు తోడి కొత్త నీరు పోయాలి. తోడిన నీరు పాదులకు మంచి బలం. మొత్తం నీరు ఒక్కసారి మార్చకూడదు. మే నెలలో తగ్గిన నీటిని సాయంత్రం చల్లబడ్డాక నింపాలి. నీరు పచ్చబడితే మందులు పోయవద్దు. మేత తగ్గించి, కలువ ఆకులు సగానికి పైగా నీటిని కప్పేలా పెరగనిస్తే తేటబడుతుంది. నీరుకట్టె పాము కనబడితే కర్ర తీయనక్కరలేదు. అది విషం లేనిది. కానీ ఏ పామో తెలియకపోతే దూరంగా ఉండి, తెలిసినవారిని పిలవాలి.

ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో తారీకు వేసి రాసుకుంటాను. పాత అలవాటు. పోయిన ఏడాది నాకు మోకాలి ఆపరేషనయి నెలన్నర మంచం మీద ఉన్నప్పుడు ఆ పుస్తకమే కొలనును కాపాడింది. పనులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి వంటింటి గోడకు అంటించాను. మా ఆవిడ, పక్కింటాయన పంచుకున్నారు.

మిత్రులారా, ఉద్యోగంలో ఉండగా బదిలీ అయితే చార్జి లిస్టు రాసి అప్పగించకుండా కుర్చీ వదిలేవాళ్లం కాదు. కొలనుకూ అదే నియమం. కట్టే ముందే, నా తరవాత ఎవరు చూస్తారని ఇంట్లో అడగండి. చూసేవారుంటే వారికిప్పటినుంచే మగ్గు చేతికివ్వండి. లేకపోతే, పది నిమిషాల ఓపిక కూడా లేని రోజు వచ్చినప్పుడు, చేపలను పెంచేవారికిచ్చి, అడుగున కన్నాలు కొట్టించి, మట్టి నింపి నిమ్మ మొక్క పెట్టండి. అది ఓటమి కాదు, సక్రమంగా చార్జి అప్పగించడమే. చూసేవారు లేని నీటిని మాత్రం పెరట్లో ఉంచవద్దు.

కలువ దుంపలు కావలసినవారు సమావేశం అయ్యాక నన్ను కలవండి. తడిగుడ్డలో చుట్టి ఆరు తెచ్చాను.