దవడపళ్ళు: నమిలే శక్తి



తిరుత్తణి చెరకునైనా, తిరువళ్ళూరు వేరుశనగనైనా నమిలి పిప్పిచేసేవి దవడపళ్ళు. పెద్దల నోటిలోని 32 పళ్ళలో అగ్రచర్వణకాలు 8, చర్వణకాలు 12. తొలి చర్వణకం ఆరవ ఏట, పాలపళ్ళకు వెనుక మొలుస్తుంది. దానినీ పాలపన్నే అనుకొని, పుచ్చినా తల్లిదండ్రులు ఉపేక్షిస్తారు. అది పోతే మళ్ళీ రాదు.

ఒక పన్ను పోతే నష్టం అంతటితో ఆగదు. పక్కపన్ను ఆ సందులోకి ఒరుగుతుంది. ఎదుటి దవడలోని పన్ను ఆనిక లేక సాగుతుంది. అక్కడి ఎముక క్రమంగా తరుగుతుంది. నమలడం ఒకవైపుకే పరిమితమవుతుంది. ఎక్కువ పళ్ళు పోయినవారు గట్టి గింజలు, పచ్చికాయలు మాని మెత్తని అన్నంతో సరిపెట్టుకుంటారు.

పోయిన పళ్ళకు మార్గాలున్నాయి: తీసిపెట్టుకునే కట్టుడుపళ్ళు, పక్కపళ్ళ ఆధారంతో కట్టే బ్రిడ్జి, ఎముకలో నాటే టైటానియం మర. ఎముక టైటానియంతో ఏకమవుతుందని 1950లలో గ్రహించిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్, 1965లో తొలిసారి ఒక రోగికి అటువంటి మరలు అమర్చారు. కట్టుడుపళ్ళకు సహజ దంతాల బలం రాదు. వెనుక ఒకటి రెండు పళ్ళు లేకున్నా మిగిలినవి చక్కగా ఆని నమలగలిగితే, అన్నిటినీ కట్టించనక్కరలేదు. అది వైద్యుడు పరీక్షించి నిర్ణయించవలసిన విషయం.

అన్నిటికన్నా చవకైన చికిత్స ఉన్న పన్నును నిలుపుకోవడమే. ఒకటవ తరగతిలో చేరే ప్రతి బిడ్డ నోటినీ ఏటా ఒకసారి పరీక్ష చేయిస్తే, డెబ్బయి అయిదేళ్ళు నిండిన ఈ పాఠశాల రాబోయే తరానికి గొప్ప మేలు చేసినట్లవుతుంది.