పాత పనిముట్లు – వాని పేళ్లు



పూర్వము సేద్యమునకును చేతివృత్తులకును వాడిన పనిముట్లను సేకరించి, కొన్ని చోట్ల ప్రదర్శనశాలలు నెలకొల్పుచున్నారు. ఇది సంతోషింపదగిన కార్యము. పొయ్యిలో కాలిపోవలసిన మేడి, పాతయినుము అంగడికి చేరవలసిన కర్రు ఈ విధముగా నిలిచినవి. అయితే వస్తువు నిలిచినంత మాత్రమున విద్య నిలిచినదని తలపరాదు.

నేను దర్శించిన యొక శాలయందు, అడుగున మూడు రంధ్రములు గల కొయ్యగిన్నె యొకటి వంటపాత్రల వరుసలో నుండెను. అది వంటపాత్ర గాదు. గొర్రునకు చెందిన జడ్డిగము. గొర్రుపండ్లు చాళ్లు తీయుచుండ, వెంట నడచువారు పిడికిటనుండి గింజలను జడ్డిగములో విడుతురు. అవి వెదురుగొట్టముల గుండ దిగి, పండ్ల వెనుక తడిమట్టిలో పడును. పిడికిలి బిగిసిన మొలక పలుచనగును, సడలిన దట్టమగును. వరుసలు సమదూరమున నుండుటచే, పిదప వాని నడుమ దంతి తోలి కలుపు తీయుటకు వీలగును. ఇంత శాస్త్రము ఆ మూడు రంధ్రములలో నున్నది. గొట్టములు పోయి, పేరును పోయినచో మిగులునది చిల్లుల గిన్నెయే.

కపిల సంగతియు నట్టిదే. దీనిని కొన్ని సీమలలో మోట యందురు. ఎద్దులు పల్లమునకు దిగుచుండ, నిండిన బాన బావినుండి పైకి వచ్చును. బాన క్రింది తోలుతొండపు మూతిని వేరొక సన్నని త్రాడు పైకెత్తి పట్టియుండును. బాన గట్టునకు రాగానే ఆ త్రాడు తొండమును ముందునకు లాగ, నీరు తనంత తానే కాలువలోనికి పారును. వంచుటకు వేరొక మనుష్యుడు అక్కరలేదు. వడ్రంగి గిలక, కమ్మరి యినుము, చర్మకారుని కుట్టు – మువ్వురి నేర్పును అందు కలదు. తోలు చివికిపోవును గనుక శాలలో గిలక మాత్రమే మిగులును. దానిని జూచి కపిలను ఊహించుట పిల్లలకు సాధ్యమా?

ఇక కుంచము. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి యని మనము చదువుకొంటిమి. కాని ఒక సీమ కుంచము మరియొక సీమ కుంచమునకు సమానము గాదు. 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూనికలు క్రమముగా అమలులోనికి రాగా, ఈ కొలపాత్రలు మూల జేరెను. ఏ యూరి కుంచమో వ్రాసియుంచనిచో, దానితో నెంత ధాన్యము కొలిచిరో ఎవరును చెప్పజాలరు.

మాటల విలువ నెరిగిన విద్వాంసులు లేకపోలేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962లో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును వ్యవసాయ పదములతో ప్రకటించిరి. చేనేత పదముల సంపుటము 1971లో వెలువడెను. అందలి పదములు పండితుల గ్రంథములనుండి గాక, పనిచేయువారి నోటినుండి గ్రహింపబడినవి. నిఘంటువులతో పెరిగిన నావంటివాడు తలవంచి నేర్వదగిన పాఠమిది.

కనుక గ్రామములలోని పెద్దలకు నా విన్నపము. అటకమీది పాత పనిముట్టును శాలకు ఇచ్చునప్పుడు, దానితో నొక కాగితమును గూడ ఇండు. మీ యూరిలో దాని పేరేమి, దాని భాగముల పేళ్లేవి, ఏ కొయ్యతో ఎవరు చేసిరి, ఏ పంటకు ఏ కార్తెలో వాడిరి – ఇంతమాత్రము చాలును. చదువురాని కమ్మరి చెప్పగా చదివినవారు వ్రాయవలెను. ఆతడు పలికిన మాటను దిద్దరాదు. కొయ్య మరికొన్ని యేండ్లు నిలుచును. దాని పేరెరిగినవారు అన్నాళ్లు మనతో నుండరు. ఈ పని ఈ యేడే జరుగవలెను.